కప్పలు కలిసి ఎందుకు అరుస్తాయంటే

ఒకప్పుడు కప్పలు ఇప్పటిలా గుంపుగా అరిచేవి కావు. ఒక్కొక్కటే అరిచేది. ఒక కప్ప "బెక బెక" అని ముగించి నోరు మూసుకున్నాకే ఇంకో కప్ప నోరు తెరవాలి. మధ్యలో ఎవరైనా గొంతు కలిపారో, పెద్దకప్పలు గుడ్లురిమి చూసేవి. కప్ప గుడ్లురిమితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా! మామూలుగానే అవి అంతంత ఉంటాయి.

దానికో కారణం ఉంది లెండి. వానలు కురిపించే మబ్బవ్వకు అప్పటికే వయసైపోయింది. చూపు ఆనదు. పైనుంచి చూస్తే ఏది బండో, ఏది గుంటో ఆవిడకి తెలిసేది కాదు. అందుకని తొలకరి రోజున ఆకాశంలో మెల్లగా నడుచుకుంటూ వచ్చి, "కింద ఎవరైనా ఉన్నారర్రా?" అని అడిగేది. ఎక్కణ్నుంచి జవాబు వస్తే అక్కడ కడవ వంచేది. జవాబు రాకపోతే, "ఎవరూ లేరు కాబోలు" అనుకుని ముందుకు సాగిపోయేది.

అందరూ ఒకేసారి అరిస్తే అవ్వ చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడదని కప్పల నమ్మకం. ఎవరైనా ఎప్పుడైనా అలా అరిచి చూశారా అంటే, లేదు. పెద్దలు చెప్పారు, పిల్లలు విన్నారు, అంతే. పైగా ఏటా కొత్త గొంతు కావాలట. నిరుడు విన్న గొంతే మళ్లీ వింటే అవ్వకు విసుగట. కాబట్టి ఒక్కో గుంట తరఫున, ఆ ఏడు బడికెళ్లే పిల్లే అవ్వను పిలవాలి.

తుమ్మచెట్ల నీడన ఒక పెద్ద కుంట ఉండేది. ఎండాకాలంలో అది ఎండిపోయి చిన్న చిన్న గుంటలుగా మిగిలేది. మధ్య గుంటలోనే బడి. చదునైన రాయి మీద బోదురుకప్ప పంతులుగారు కూర్చునేవారు. చుట్టూ తామరాకుల మీద పిల్లలు. ఆ బడిలో ఉన్నది ఒకటే పాఠం. పంతులుగారు పేరు పిలుస్తారు. పిలిచిన పిల్ల ఒక్కతే లేచి, అవ్వకు వినబడేటట్టు అరవాలి.

ఆ బడిలో తుంపర అని ఒక చిన్న కప్పపిల్ల ఉండేది. తుంపర వాళ్లది అన్నిటికంటే చిన్న గుంట. నిజానికి అది గుంట కూడా కాదు, ఎద్దు గిట్ట దిగబడిన చోట నిలిచిన నీళ్లు. వేసవిలో కళ్లాపి చల్లినట్టు ఒక జల్లు పడితే, వానాకాలం వచ్చేసిందనుకుని తుంపర వాళ్లమ్మ తొందరపడి గుడ్లు పెట్టేసింది. ఇప్పుడా నీళ్లలో తోకకప్పలు, తుంపర తమ్ముళ్లు, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ తిరుగుతున్నారు. వాళ్లకింకా కాళ్లు రాలేదు. నీళ్లు ఎండిపోతే గట్టెక్కి పోవడానికి లేదు.

బడిలో తొలిరోజు పంతులుగారు, "తుంపరా!" అని పిలిచారు.

తుంపర లేచి, ఛాతీ పొంగించి, నోరు తెరిచింది. "బెక బెక" రాలేదు. "టిక్... టికీ" అని వచ్చింది.

"పంతులుగారండీ! ఎవరో గులకరాళ్లు కొట్టి ఆడుకుంటున్నారండీ!" అన్నాడు గండు.

గండు పెద్ద గుంట వాళ్లబ్బాయి. వాడు అరిస్తే తామరాకులు అదిరేవి. వాడి మాటకి బడంతా గొల్లున నవ్వింది. పంతులుగారు, "ష్! నిశ్శబ్దం!" అని, తర్వాతి పేరు పిలిచేశారు. పిల్లలన్నాక నవ్వుతారులే అనుకున్నారాయన.

ఆ రోజుతో పోయుంటే ఈ కథే లేదు. పోలేదు. మర్నాడు తుంపర బడికి వచ్చేసరికి తన ఆకు మీద గండు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "ఏమే టికీ, చలేస్తోందా? పళ్లు టకటకలాడుతున్నాయేం?" అన్నాడు. కప్పలకి అలాంటి పళ్లెక్కడివి! అయినా అందరూ నవ్వారు. ఆ పూట తుంపర బురదలో నిలబడే పాఠం విన్నది.

అక్కణ్నుంచి తుంపర పేరు టికీ అయిపోయింది. దారిలో ఎదురైతే టికీ. వెనకనుంచి వచ్చి మొహాన బురద చిమ్మి టికీ. దోమని పట్టుకోబోతే, అందేలోపు పక్కనుంచి నాలుక చాచి లాక్కుని టికీ. అన్నిటికంటే తుంపరకి బాధేసింది దేనికంటే, పక్క గుంట చెంగి కూడా నవ్వడం. చెంగీ తనూ తోకలున్నప్పటినుంచీ కలిసి తిరిగినవాళ్లు. చెంగి గట్టిగా నవ్వలేదు, కొంచెమే నవ్వింది. ఆ కొంచెమే తుంపరకి బాగా వినబడింది.

తుంపర ధైర్యం చేసి పంతులుగారికి చెప్పింది.

"అయితే ఇంకాస్త గట్టిగా అనమ్మా. నువ్వు గట్టిగా అంటే వాళ్లెందుకు నవ్వుతారు?" అన్నారాయన.

తుంపర గట్టిగా అంది. ఇంకా గట్టిగా నవ్వారు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పింది. అమ్మ ఆ రోజు పొద్దుటినుంచీ గుంట ఎండిపోకుండా దాన్లోకి తడిబురద మోస్తూ అలిసిపోయి ఉంది. "పట్టించుకోకు తల్లీ. ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్" అంది.

"వదిలేద్దామనే చూస్తానమ్మా. అవి లోపలే ఉండిపోతున్నాయి" అని తుంపర గొణిగింది. అమ్మకి వినబడలేదు.

ఇంక తుంపర ఎవరికీ చెప్పడం మానేసింది. పేరు పిలిస్తే లేచి, నోరు తెరిచి, చప్పుడు చెయ్యకుండా మూసేది. పంతులుగారు ముసలివారు కదా, ఎవరో ఒకరు అరిచే ఉంటారులే అనుకుని తర్వాతి పేరుకి పోయేవారు. తుంపరకి పొద్దున్నే కడుపునొప్పి మొదలయ్యేది. బడి వేళ దాటాక తగ్గేది. అది దొంగ నొప్పేం కాదు, నిజంగానే నొప్పెట్టేది.

ఇక్కడో చిత్రం జరిగింది. తుంపర ఊరుకుంది కదా, ఇక గండుకి కాలక్షేపం కావాలి. ఒకడి గొంతు బొంగురన్నాడు. ఒకతె ముక్కుతో అరుస్తుందన్నాడు. వాళ్లూ నోరు మూశారు. వాళ్లని చూసి, రేపు తమ వంతు వస్తుందేమోనని ఇంకొందరు ముందుగానే మూసేశారు. బడి చప్పబడిపోయింది. బోదురు పంతులుగారు మాత్రం పొంగిపోయారు.

"మా బడిలో ఇప్పుడు చీమ నడిచినా వినబడుతుందండీ! పిల్లలు ఎంత బుద్ధిమంతులయ్యారో!" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నారు.

ఎండలు ముదిరాయి. ఎద్దుగిట్ట గుంటలో నీళ్లు తగ్గిపోతున్నాయి. తమ్ముళ్ల వీపులు పైకి తేలుతున్నాయి.

"అక్కా, అవ్వ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు ఒక తమ్ముడు.

"వచ్చేస్తుంది."

"నువ్వు పిలుస్తావుగా?"

"పిలుస్తాను" అంది తుంపర. అని, గబగబా ఒక రాతి చాటుకి పోయింది. అక్కడ ఎవరూ లేరు. ఒక్కసారి అని చూద్దామని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచింది. గండు అక్కడ లేడు. అయినా వాడి నవ్వు చెవుల్లో మోగింది, గొంతు బిగుసుకుపోయింది. తన గొంతు ఇక రాదేమో, తమ్ముళ్లు ఏమైపోతారో అని తలుచుకుని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

రాయికి అటువైపు అమ్మ ఉంది. ఈసారి అమ్మకి వినబడింది. అమ్మ బురద పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. "ఏమైంది?" అని ఒక్కమాటే అడిగి ఊరుకుంది. తుంపర మొదటి రోజునుంచీ అన్నీ చెప్పింది. చెప్పి ఆగింది, మళ్లీ ఏడ్చింది, మళ్లీ చెప్పింది. అమ్మ మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు.

అంతా విన్నాక, "పట్టించుకోకు అన్నాను చూడు, అది నా తప్పు తల్లీ" అంది. "నీ గొంతు నీతో పుట్టిన గొంతు. దాన్లో తప్పేం లేదు. తప్పు నవ్వినవాళ్లది. రేపు నేనూ వస్తాను బడికి."

మర్నాడు అమ్మ బడికి వచ్చింది. దెబ్బలాటకేం దిగలేదు.

"పంతులుగారూ, మీ పిల్లల్ని ఒకసారి వరసగా పిలవండి. తొందరపడకుండా, జవాబు వచ్చేదాకా ఆగి, తర్వాతి పేరుకి వెళ్లండి" అంది.

"దానికేం భాగ్యం!" అని పంతులుగారు మొదలుపెట్టారు. ఒక పేరు పిలిచి ఆగారు. చప్పుడు లేదు. ఇంకో పేరు. చప్పుడు లేదు. ఇంకోటి. గండు గొంతూ, వాడి పక్కనుండే ఇద్దరి గొంతులూ తప్ప బడిలో గొంతే లేదు. పంతులుగారి మొహం మాడిపోయింది.

"అయ్యో! నేను పాఠం చెప్తున్నాననుకున్నానమ్మా. ఇంతకాలం నోళ్లు మూయించానన్నమాట" అన్నారు. గండుని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎవరి గొంతునైనా ఎగతాళి చేస్తే ఊరుకోనని అందరి ముందూ గట్టిగా చెప్పారు.

గండు నోటితో నవ్వడం మానేశాడు. కళ్లతో నవ్వాడు. అయినా బురద చిమ్మడాలూ, టికీ అనడాలూ ఆగాయి. కడుపునొప్పి కాస్త తగ్గింది. తుంపర గొంతు మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం చెంగి వచ్చింది. గట్టు మీద దూరంగా కూర్చుంది. చాలాసేపు గడ్డి పీకింది.

"నేను కూడా నవ్వానే" అంది చివరికి. "నవ్వకపోతే నన్ను పట్టుకుంటారని భయమేసింది."

"తెలుసు. అందరికంటే నీ నవ్వే నాకు ఎక్కువ వినబడింది" అంది తుంపర.

చెంగికి ఏడుపొచ్చింది. తుంపర ఓదార్చలేదు, లేచీ పోలేదు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కాసేపటికి చెంగి కళ్లు తుడుచుకుని, "రేపు నీ పేరు పిలిచినప్పుడు నేనూ అరుస్తాను. నువ్వు అన్నా, అనకపోయినా" అంది.

"ఒక్కరే అరవాలిగా!"

"తిడితే తిట్టించుకుంటాను."

మర్నాడు పంతులుగారు "తుంపరా!" అన్నారు. తుంపర లేచి నోరు తెరిచింది. రెండు ఆకుల అవతలనుంచి "బెక బెక!" అని వినబడింది.

"చెంగీ! నీ పేరు పిలవలేదే?"

"తెలుసండీ. తనకి తోడండీ."

బడిలో అందరూ పంతులుగారి వంక చూశారు. వంతు తప్పి అరవడమంటే మాటలా! పంతులుగారు గడ్డం గోక్కున్నారు. నిన్నటి సంగతి ఆయనకి ఇంకా గుర్తుంది. "తొలకరి రోజు ఇది కుదరదు సుమా! బడిలో అయితే... సరే, కానీ" అన్నారు.

రెండోసారి చెంగి "బెక బెక" అంటుంటే, ఆ చప్పుడు చాటున తుంపర గొంతులోంచి "టిక్" అని సన్నగా ఏదో జారింది. గండు చటుక్కున తల తిప్పాడు. ఎవర్ని చూసి నవ్వాలో తెలియలేదు వాడికి. ఇద్దరి గొంతూ కలిసిపోయి ఉంది.

ఆ తర్వాత బొంగురుగొంతు వాడు పలికితే ఇద్దరూ తోడు పలికారు. ముక్కుగొంతు పిల్ల పలికితే ముగ్గురూ పలికారు. బడి మళ్లీ సందడిగా మారింది. తుంపర గొంతు ఆ సందట్లోనే కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. కొన్ని రోజులు అసలు వచ్చేది కాదు. ఆ రోజుల్లో చెంగి అరిచి, ఏమీ జరగనట్టే కూర్చునేది.

అంతలో ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. తడిమట్టి వాసన వేసింది. తుమ్మచెట్ల మీదుగా నల్లగా, లావుగా, కడవలు చంకనెత్తుకుని మబ్బవ్వ రానే వచ్చింది.

పెద్దలంతా పరుగున గట్టుకి చేరారు. బడి పిల్లలు ఎవరి గుంట దగ్గర వాళ్లు నిలబడ్డారు. పెద్ద గుంట కాబట్టి మొదటి పిలుపు గండుది. ఎద్దుగిట్ట గుంటది అందరికంటే చివరిది. ఆ గుంటలో నీళ్లనేవే లేవు. తమ్ముళ్లు తడిబురదలో పక్కకి ఒరిగి, నోళ్లు తెరిచి మూస్తున్నారు.

"కింద ఎవరైనా ఉన్నారర్రా?" అంది మబ్బవ్వ.

గండు ఛాతీ పొంగించాడు. సరిగ్గా అప్పుడే పెద్ద నీడ ఒకటి నీళ్లమీద పడింది. ఒక కొంగ వచ్చి కుంట నడుమ వాలింది. ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి, చప్పుడు ఎటునుంచి వస్తుందా అని చెవి పెట్టింది.

కప్పలన్నీ టక్కున ఊరుకున్నాయి. గండు పొంగించిన ఛాతీ తుస్సుమంది. వాడు మెడదాకా బురదలో దిగబడిపోయాడు. ఇప్పుడు ఎవరు ఒంటరిగా అరిచినా వాళ్లెక్కడున్నారో కొంగకి తెలిసిపోతుంది. పంతులుగారు కూడా రాయికి అంటుకుపోయారు.

"ఎవరూ లేరా?" అని అవ్వ మళ్లీ అడిగింది. ఎవరూ పలకలేదు. "నిరుడు ఉన్నట్టున్నారే! ఎటు పోయారో పాపం" అనుకుంటూ కడవలు సర్దుకుని ముందుకి అడుగేసింది.

తుంపరకి భయమేసింది. గొంతు బిగుసుకుంది. కానీ ఆ భయం ఆ పిల్లకి కొత్తది కాదు. మిగతా పిల్లల్లో చాలామందికి కొత్త. గండుకి మరీ కొత్త. భయం గొంతులో కూర్చుని ఉండగానే దాని పక్కనుంచి మాటని బయటికి జార్చడం ఎలాగో, ఇన్ని రోజులూ బడిలో తుంపర నేర్చుకున్నది అదే. తమ్ముళ్ల వంక ఒక్కసారి చూసింది. నోరు తెరిచింది.

"టిక్... టికీ!"

అవ్వ ఆగింది. కొంగ మెడ గిరుక్కున తిరిగింది. ఎద్దుగిట్ట వైపు ఒక అడుగేసింది. ఇంకో అడుగేసింది.

"టికీ! టికీ!" తుంపర కళ్లు మూసుకుని అంటూనే ఉంది.

"బెక బెక!" అని కుంటకి అవతలివైపు నుంచి వినబడింది. చెంగి! వంతు లేదు, వరస లేదు. కొంగ అటు తిరిగింది. ఈలోపు ఇటునుంచి బొంగురుగొంతు. కొంగ ఇటు తిరిగింది. వెనకనుంచి ముక్కుగొంతు. పంతులుగారికి ఇంక ఆగబుద్ధి కాలేదు. "ఆచారం సంగతి తర్వాత చూద్దాం!" అని, రాయి మీద లేచి నిలబడి ముసలి గొంతుతో ఆయనా అందుకున్నారు. అమ్మ అందుకుంది. గట్టు మీది పెద్దలంతా అందుకున్నారు. అన్నిటికంటే ఆఖరున, బురదలోంచి తల పైకెత్తి గండు అందుకున్నాడు.

కుంటంతా ఒకటే గొంతయింది. కొంగ అటు తిరిగింది, ఇటు తిరిగింది, మెడ నొప్పెట్టింది. ఏ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో దానికి అంతు చిక్కలేదు. "ఇదేం కుంటరా నాయనా!" అని విసుక్కుని రెక్కలు విదిల్చుకుని ఎగిరిపోయింది.

పైన మబ్బవ్వ చెయ్యి చెవికి ఆనించుకుంది. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ఇంతమందున్నారా! ఇన్నేళ్లూ ఒక్కొక్కరే పిలుస్తుంటే నలుగురైదుగురు ఉంటారనుకున్నాను. ఒక్క కడవేం సరిపోతుందర్రా మీకు?" అంది. ఉన్న కడవలన్నీ ఒక్కసారే బోర్లించేసింది.

ఎద్దుగిట్ట నిండింది, పొంగింది, పక్క గుంటలో కలిసింది. తమ్ముళ్లు తోకలాడించుకుంటూ బయటికి ఈదుకొచ్చారు. తుంపర వానలో నిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. అమ్మ దగ్గరికి తీసుకుంది.

మర్నాటినుంచీ అంతా బాగైపోయిందని నేను చెప్పను. ఆ తర్వాత కూడా గండు నీడ పక్కనుంచి పోతే తుంపర గొంతు బిగిసేది. రాను రాను తక్కువసార్లు బిగిసింది.

ఒకరోజు గండే వచ్చాడు. ఆకు మీద కూర్చోలేదు, నీళ్లలోనే నిలబడ్డాడు.

"ఆ రోజు కొంగ వచ్చినప్పుడు నాకు నోరే రాలేదు" అన్నాడు.

"తెలుసు" అంది తుంపర.

"నీకెలా తెలుసు?"

"నాకు రోజూ అలాగే ఉండేది. బడిలో, నీ ఎదుట."

గండు నీళ్లకేసి చూశాడు. "ఇంకెప్పుడూ అననులే" అన్నాడు.

"అనొద్దు" అంది తుంపర. వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులేం అయిపోలేదు. వాడి వైపు వాడు, ఈమె వైపు ఈమె. కానీ ఆ బడిలో మళ్లీ ఎవరూ ఒక్కరే నిలబడి అరవాల్సిన పని పడలేదు. పంతులుగారే ఆ ఆచారం తీసేశారు.

అప్పటినుంచే కప్పలు కలిసి అరుస్తున్నాయి. వాన వెలిసిన సాయంత్రం మీరు గట్టు మీద నడిస్తే, మీ అడుగుల చప్పుడికి కప్పలన్నీ టక్కున ఊరుకుంటాయి. అక్కడే కదలకుండా నిలబడండి. కాసేపటికి ఎక్కడో ఒక్క గొంతు సన్నగా, భయపడుతూనే లేస్తుంది. దాన్ని ఒంటరిగా వదలకుండా పక్కది వెంటనే అందుకుంటుంది. దాని పక్కది, ఆ పక్కది, చివరికి కుంటంతా అందుకుంటుంది. మీరెంత చెవి పెట్టి విన్నా ఏ గొంతు ఎవరిదో పోల్చుకోలేరు.